పీక్ నంబర్ మాయ: వీవీటీ ఇంజిన్లూ, ఫిక్స్‌డ్ కామ్ ఇంజిన్లూ

ఇంజిన్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఇద్దరు కలిస్తే ఏదో ఒక పూట ఈ వాదన వచ్చి తీరుతుంది. ఒకరు "ఫార్ములా వన్‌లో వేరియబుల్ వాల్వ్ టైమింగ్ (వీవీటీ: వాల్వ్‌లు తెరిచి మూసే సమయాన్ని ఇంజిన్ నడుస్తుండగానే మార్చుకోవడం) లేదు, నాస్కార్‌లో లేదు, టాప్ ఫ్యూయెల్ డ్రాగ్‌స్టర్లలో లేదు, అంటే నిజంగా పవర్ కావాల్సినవాళ్ళకి అది అక్కర్లేదనేగా" అంటారు. ఇంకొకరు "ఇప్పుడు వీవీటీ లేని ఇంజిన్ ఎవడు చేస్తున్నాడు బాబూ" అంటారు. ఇద్దరి చేతిలోనూ ఉండేది ఒకే ఒక్క నంబర్, పీక్ హార్స్‌పవర్. ఆ నంబర్ పట్టుకుని ఈ వాదన ఎంతసేపు చేసినా తెగదు, ఎందుకంటే వీవీటీ చేసే పని ఆ నంబర్‌లో దాదాపు కనపడదు.

ముందు కొంచెం లెక్క చూద్దాం. కామ్‌షాఫ్ట్ (వాల్వ్‌లని తెరిచే కడ్డీ) క్రాంక్ (పిస్టన్లు తిప్పే కడ్డీ) వేగంలో సగంతో తిరుగుతుందని తెలిసిందే. ఇన్‌టేక్ వాల్వ్ 240 క్రాంక్ డిగ్రీల పాటు తెరిచి ఉండేలా లోబ్ (కామ్ మీద వాల్వ్‌ని నొక్కే ఉబ్బు) చేశారనుకోండి. 1000 ఆర్‌పీఎమ్ దగ్గర ఆ 240 డిగ్రీలు తిరగడానికి 40 మిల్లీసెకన్లు పడుతుంది. 8000 దగ్గర 5 మిల్లీసెకన్లు. డిగ్రీలు అవే, లోబ్ అదే, కానీ గాలికి దొరికే టైమ్ ఎనిమిదో వంతు అయిపోయింది. గాలికి బరువు ఉంటుంది, కదలమంటే వెంటనే కదలదు, ఆగమంటే వెంటనే ఆగదు. కామ్ టైమింగ్ గురించి మిగతా కథంతా ఇక్కడి నుంచే పుడుతుంది.

నాలుగు సంఘటనలు ఉంటాయి: ఇన్‌టేక్ తెరుచుకోవడం, మూసుకోవడం, ఎగ్జాస్ట్ తెరుచుకోవడం, మూసుకోవడం. వీటిలో పెత్తనం అంతా ఇన్‌టేక్ మూసుకునే క్షణానిదే. పిస్టన్ కిందకి పూర్తిగా దిగిపోయి మళ్ళీ పైకి రావడం మొదలుపెట్టాక కూడా ఇన్‌టేక్ వాల్వ్ తెరిచే ఉంటుంది. మొదటిసారి విన్నవాళ్ళకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది, పైకి వచ్చే పిస్టన్ గాలిని బయటకి తోసేయదా అని. హై ఆర్‌పీఎమ్‌లో తోయలేదు. పరుగు మీద ఉన్న జనం గేటు దగ్గర ఆగమంటే ఆగనట్టే, పైపులో వేగం అందుకున్న గాలి పిస్టన్ ఎదురొస్తున్నా లోపలికి దూసుకొస్తూనే ఉంటుంది. అందుకే హై రెవ్ ఇంజిన్లలో పిస్టన్ అడుగుకి చేరాక మరో 60, 70 డిగ్రీల దాకా వాల్వ్ మూయరు. అదే ఇంజిన్‌ని 2000 ఆర్‌పీఎమ్‌లో తిప్పితే గాలికి ఆ ఊపు ఉండదు కాబట్టి, లోపలికి వచ్చిన గాలిలో కొంత పిస్టన్ వెనక్కి మానిఫోల్డ్‌లోకి (గాలి వచ్చే పైపుల్లోకి) తోసేస్తుంది. సిలిండర్లో చిక్కే గాలి తగ్గింది, దాంతో అసలు కంప్రెషన్ కూడా తగ్గింది. పెద్ద కామ్ వేసిన ఇంజిన్లకి పిస్టన్లు మార్చి కంప్రెషన్ రేషియో పెంచడానికి ఒక కారణం ఇదే, పోయినదాంట్లో కొంతైనా రాబట్టుకోవడం.

రెండోది ఓవర్‌ల్యాప్. ఎగ్జాస్ట్ ఇంకా పూర్తిగా మూసుకోకముందే ఇన్‌టేక్ తెరుచుకుంటుంది, కాసేపు రెండూ కొద్దికొద్దిగా తెరిచి ఉంటాయి. హై ఆర్‌పీఎమ్‌లో, హెడర్ (ఎగ్జాస్ట్ పైపు) పొడవు సరిగ్గా కుదిరితే, బయటకి పోయే ఎగ్జాస్ట్ తన వెనకాల తక్కువ ప్రెషర్ వదిలి కొత్త గాలిని లాగుతుంది. పిస్టన్ ఇంకా కిందకి దిగడం మొదలుపెట్టకముందే సిలిండర్ నిండటం మొదలవుతుందన్నమాట. ఐడిల్‌లో మాత్రం థ్రాటిల్ మూసి ఉంటుంది, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉంటుంది, కాబట్టి ఎగ్జాస్టే తిరిగి ఇన్‌టేక్‌లోకి పాకుతుంది. కాలిన గ్యాస్ కలిసిన మిక్స్చర్ ఒక సైకిల్ అంటుకుంటుంది, ఒక సైకిల్ సరిగ్గా అంటుకోదు. పెద్ద కామ్ ఉన్న వీ8 ఐడిల్‌లో గుడుగుడుమని కుంటుతూ నడిచే ఆ సౌండ్ ఇదే. జనం దాన్ని పవర్‌కి గుర్తు అనుకుంటారు. నిజానికి మనం వింటున్నది ఇంజిన్ ఐడిల్‌లో సరిగ్గా కాలలేకపోవడం. సౌండ్ నాకూ ఇష్టమే, అది వేరే విషయం.

ఫిక్స్‌డ్ టైమింగ్ అంటే ఈ నాలుగు సంఘటనలనీ ఒక చోట బిగించేయడం. ఏ ఆర్‌పీఎమ్‌లో గాలి బాగా నిండాలో డిజైనర్ ముందే తేల్చుకోవాలి, మిగతా చోట్ల ఎంతో కొంత వదులుకోవాలి. వెర్నియర్ పుల్లీ (కామ్‌ని కొద్దికొద్దిగా జరిపి బిగించే పుల్లీ) వేసి, కొలవడానికి డిగ్రీ వీల్, డయల్ గేజ్ పెట్టి కామ్‌ని నాలుగు డిగ్రీలు అడ్వాన్స్ చేస్తే, అంటే ముందుకి జరిపితే, కింద ఆర్‌పీఎమ్‌లో టార్క్ (తిప్పే బలం) పెరుగుతుంది, పైన తగ్గుతుంది. రిటార్డ్ చేస్తే, అంటే వెనక్కి జరిపితే, దానికి ఉల్టా. జేబులో నుంచి తీసి ఇంకో జేబులో పెట్టడమే, మొత్తం మాత్రం పెద్దగా మారదు. ఈ పని ఇంజిన్ నడుస్తుండగా, ఆర్‌పీఎమ్‌ని బట్టి, లోడ్‌ని బట్టి తనే చేసుకుంటే? వీవీటీలో మొదటి రకం అదే, ఫేజింగ్.

ఇక్కడే జనం రెండు వేర్వేరు విషయాలని ఒకే గాటన కట్టేస్తారు. ఫేజింగ్‌లో లోబ్ ఆకారం మారదు, వాల్వ్ ఎంత ఎత్తు లేస్తుందో, ఎన్ని డిగ్రీలు తెరిచి ఉంటుందో ఏదీ మారదు. కామ్ మొత్తం క్రాంక్‌తో పోలిస్తే కొంచెం ముందుకో వెనక్కో జరుగుతుంది, అంతే. 1980లో అమెరికాకి పంపిన ఆల్ఫా రోమియో స్పైడర్‌లో మొదట వచ్చింది ఈ రకమే. బీఎండబ్ల్యూ వానోస్ 1992లో వచ్చినప్పుడు అదీ ఇదే. రెండో రకంలో లోబే మారిపోతుంది. ఒకే కామ్ మీద చిన్న లోబ్, పెద్ద లోబ్ రెండూ ఉంటాయి, ఒక ఆర్‌పీఎమ్ దాటాక ఆయిల్ ప్రెషర్‌తో ఒక పిన్ జరిగి రాకర్లని (లోబ్‌కీ వాల్వ్‌కీ మధ్య ఉండే చేతుల్ని) కలిపేస్తుంది, అప్పటి నుంచి వాల్వ్ పెద్ద లోబ్ చెప్పినట్టు ఆడుతుంది. హోండా వీటెక్ ఇది. 1989లో ఇంటిగ్రాలో వచ్చిన బీ16ఏ, 1.6 లీటర్ల నుంచి 160 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) ఇచ్చింది. అంటే లీటరుకి 100, టర్బో లేకుండా. ఇంజిన్ ఐడిల్‌లో మాత్రం మామూలు ఫ్యామిలీ కారులా నిమ్మళంగా ఉంటుంది. బీ16ఏ గొప్పతనం ఆ 160లో కంటే ఈ ఐడిల్‌లోనే ఉందని నా అభిప్రాయం. పెద్ద కామ్ వేసి 160 తెచ్చుకోవడం ట్యూనర్లకి అప్పటికే తెలుసు, దానితో రోజూ ఆఫీసుకి వెళ్ళగలగడమే కొత్త.

వీటెక్ "కిక్" గురించి ఒక మాట. పెద్ద కామ్ మీదకి మారగానే వెనక నుంచి ఎవరో తోసినట్టు ఉంటుందని అందరూ మురిసిపోతారు. డైనో (ఇంజిన్ బలం కొలిచే యంత్రం) షీట్ మీద చిన్న కామ్ టార్క్ కర్వ్, పెద్ద కామ్ టార్క్ కర్వ్ రెండూ గీస్తే అవి ఒక చోట కలుసుకుంటాయి. సరిగ్గా ఆ ఆర్‌పీఎమ్‌లోనే మారితే టార్క్‌లో మెట్టు ఉండదు, కాబట్టి కిక్ కూడా ఉండదు, సౌండ్ మాత్రం మారుతుంది. గట్టిగా కిక్ తగులుతోందంటే మారాల్సిన చోటు దాటిపోయాక మారుతోందని అర్థం, ముందున్న కొన్ని వందల ఆర్‌పీఎమ్‌లో రావాల్సిన టార్క్ పోగొట్టుకున్నాకే ఆ తోపు వచ్చింది. ట్యూనింగ్ అయ్యాక "కిక్ పోయింది" అని బాధపడేవాళ్ళుంటారు. కారు మాత్రం ముందుకంటే వేగంగానే వెళుతుంటుంది.

ఇప్పుడు అసలు పోలిక. ఒకవైపు 1994 ఫెరారీ ఎఫ్355: 3.5 లీటర్ల వీ8, సిలిండర్‌కి ఐదు వాల్వ్‌లు, టైమింగ్ ఫిక్స్‌డ్, 8250 ఆర్‌పీఎమ్ దగ్గర 380 పీఎస్. ఇంకోవైపు యూరప్‌లో 1992లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎమ్3: 3 లీటర్ల ఇన్‌లైన్ సిక్స్, ఇన్‌టేక్ మీద వానోస్, 7000 దగ్గర 286 పీఎస్. లీటరుకి చూస్తే ఫెరారీకి దాదాపు 109, బీఎండబ్ల్యూకి 96. అంటే పీక్ లెక్కలో ఫిక్స్‌డ్ టైమింగే గెలిచింది, మొదటి వాదనవాళ్ళు ఇక్కడితో ఆపేస్తారు. టార్క్ చూడండి. ఫెరారీ 363 న్యూటన్ మీటర్లు, బీఎండబ్ల్యూ 320, లీటరుకి లెక్కేస్తే రెండూ కాస్త అటూ ఇటుగా 105 చుట్టూనే. కానీ ఫెరారీకి ఆ టార్క్ పీక్ 6000కి దగ్గర్లో వస్తుంది, బీఎండబ్ల్యూకి 3600కే వచ్చేస్తుంది, పైగా అక్కడి నుంచి 7000 దాకా పవర్ పెరుగుతూనే ఉంటుంది. ఇందులో ఇన్‌టేక్ పొడవులూ, డిజైన్ ఉద్దేశాలూ చాలా కలిసి ఉన్నాయి, మొత్తం ఘనత వానోస్‌దే అనను. అయినా 3600లో పీక్ టార్క్, 7000లో పీక్ పవర్, ఈ రెంటి మధ్య ఇంత దూరం ఒకే ఫిక్స్‌డ్ కామ్‌తో రాబట్టడం చాలా కష్టం. నడిపేవాడికి తెలిసేది ఆ దూరమే.

హోండాలోనే ఇంకో పోలిక ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. 1999లో వచ్చిన ఎస్2000లోని ఎఫ్20సీకి వీటెక్ ఉంది, ఫేజింగ్ లేదు. 2 లీటర్లు, జపాన్ స్పెక్‌లో 8300 దగ్గర 250 పీఎస్, రెడ్‌లైన్ (దాటకూడని ఆర్‌పీఎమ్) 9000. 2001 ఇంటిగ్రా టైప్ ఆర్‌లోని కే20ఏకి రెండూ ఉన్నాయి, లోబ్ మారుతుంది, ఇన్‌టేక్ కామ్ 50 క్రాంక్ డిగ్రీల దాకా జరుగుతుంది కూడా. దాని పవర్ 8000 దగ్గర 220 పీఎస్. పాత ఇంజిన్‌కే 30 ఎక్కువ. మరి ఫేజింగ్ ఎందుకు పెట్టారు? ఎఫ్20సీని 6000 లోపు, టార్క్ చాలక ఈడ్చుకుంటూ నడిపినవాళ్ళకి జవాబు తెలుసు.

అయినా ఎస్2000 ఎందుకు అంత బాగా పరిగెడుతుందంటే, ఆ రహస్యం ఇంజిన్లో కాదు, గేర్‌బాక్స్‌లో దొరుకుతుంది. రెండో గేర్ రేషియో 2.045, మూడోది 1.481. 9000 దగ్గర రెండు నుంచి మూడుకి మారిస్తే ఆర్‌పీఎమ్ 6500 చుట్టుపక్కలకి పడుతుంది. మూడు నుంచి నాలుగుకి మారిస్తే 7000 పైనే. వీటెక్ మారేది 6000 దగ్గర. అంటే ఒకసారి రెండో గేర్‌లో రెడ్‌లైన్ దాకా లాగాక, తర్వాత ప్రతి గేర్‌లోనూ ఇంజిన్ పెద్ద కామ్ మీదే ఉండిపోతుంది, కింద టార్క్ ఎలా ఉందన్న ప్రశ్నే రాదు. ట్రాక్ మీద దేవుడు, ట్రాఫిక్‌లో నస. 2004లో అమెరికా మార్కెట్‌కి హోండా ఏం చేసిందో చూడండి: స్ట్రోక్ పెంచి 2.2 లీటర్లు చేసింది, రెడ్‌లైన్‌ని 8000కి దించింది, పీక్ పవర్ అలాగే ఉంచింది, టార్క్ పెంచింది. కామ్‌తో తీర్చుకోని లోటుని కెపాసిటీతో తీర్చుకున్నారు.

రేసు కార్ల వాదనకి జవాబు కూడా దీనిలోనే ఉంది. ఫార్ములా వన్‌లో వీవీటీ లేకపోవడానికి మొదటి కారణం రూల్ బుక్. 2006లో 2.4 లీటర్ల వీ8లు వచ్చినప్పుడు వేరియబుల్ వాల్వ్ టైమింగ్‌నీ, వేరియబుల్ లిఫ్ట్‌నీ నిబంధనల్లోనే వద్దన్నారు, 2014 టర్బో హైబ్రిడ్ ఇంజిన్లకీ అదే నిషేధం. నిషేధించారంటే పనికిరాదని కాదుగా, పనికిరానిదైతే నిషేధించాల్సిన అవసరమే లేదు. రెండో కారణం, రూల్ లేకపోయినా రేసు ఇంజిన్‌కి దాని లాభం తక్కువ. గేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, 18,000 తిరిగిన ఆ వీ8 ఇంజిన్ పైన కొద్ది వేల ఆర్‌పీఎమ్ మధ్యలోనే బతికేది, ఓవల్ ట్రాక్ మీద నాస్కార్ ఇంజిన్‌కైతే ఆ పరిధి ఇంకా ఇరుకు. ఆ ఇరుకు పరిధికి ఒకే ఒక్క కామ్‌ని బాగా కోసుకుంటే చాలు. ఫేజర్ (కామ్‌ని జరిపే భాగం) అంటే కామ్ చివర అదనపు బరువు, ఆయిల్ దారులు, సెన్సర్, చెడిపోవడానికి ఇంకో చోటు. రేసు ఇంజినీర్ వద్దనుకోవడం న్యాయమే. కానీ ఐడిల్ నుంచి రెడ్‌లైన్ దాకా అన్నీ వాడే రోడ్డు కారుకి ఆ లెక్క తెచ్చి అతికించడం మాత్రం న్యాయం కాదు.

అమెరికన్ పుష్‌రాడ్ వీ8లది (ఒకే కామ్ కింద ఉండి, కడ్డీలతో వాల్వ్‌లని ఆడించేవి) ఇంకో దారి. 2006 కార్వెట్ జెడ్06లోని ఎల్ఎస్7కి ఒకే కామ్, వీవీటీ లేదు, 505 హార్స్‌పవర్, రెడ్‌లైన్ 7000. ఎలా కుదిరిందంటే 7 లీటర్లు. ప్రతి ఆర్‌పీఎమ్‌లోనూ టార్క్ అంత మిగులు ఉంటే కింద కొంత పోయినా ఎవరికీ తెలియదు. ఒకే కామ్ ఉన్న ఇంజిన్‌కి ఫేజర్ పెట్టినా ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ కలిసే జరుగుతాయి, ఓవర్‌ల్యాప్ ఉన్నంతే ఉంటుంది. దీనికి 2008 డాడ్జ్ వైపర్‌లో ఒక తమాషా ఇంజినీరింగ్ చేశారు. గొట్టంలాంటి కామ్ లోపల ఇంకో కామ్ పెట్టి, ఎగ్జాస్ట్ లోబ్‌లని ఇన్‌టేక్ లోబ్‌లతో సంబంధం లేకుండా జరిపారు. 8.4 లీటర్ల వీ10, 600 హార్స్‌పవర్, ఒకే కామ్ ఉండాల్సిన చోట ఒకదాంట్లో ఒకటి రెండు. ఇంత పెద్ద ఇంజిన్ కూడా దీనికోసం ఇంత కష్టపడిందంటే ఎమిషన్ల రూల్స్ కూడా వెనక ఉన్నాయి. ఓవర్‌ల్యాప్‌ని కంట్రోల్ చేస్తే కాలిన గ్యాస్‌లో కొంత లోపలే ఉంచుకోవచ్చు, దాంతో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. వీవీటీ ఇంత విస్తరించడానికి మన స్పీడ్ పిచ్చి కంటే ఈ కారణమే పెద్దది.

టర్బో ఇంజిన్లలో లాభం ఇంకా ఎక్కువ, ముఖ్యంగా డైరెక్ట్ ఇంజెక్షన్ ఉంటే. తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఫుల్ థ్రాటిల్ నొక్కినప్పుడు ఇన్‌టేక్‌లో ప్రెషర్ ఎగ్జాస్ట్ కంటే ఎక్కువ ఉండే చిన్న కిటికీ ఒకటి ఉంటుంది. అప్పుడు ఓవర్‌ల్యాప్ పెంచితే గాలి సిలిండర్ని ఊడ్చుకుంటూ నేరుగా ఎగ్జాస్ట్‌లోకి వెళ్ళి టర్బోని తొందరగా తిప్పుతుంది. పెట్రోల్ ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకున్నాకే చల్లుతారు కాబట్టి వృథా పోదు. పైన ఆర్‌పీఎమ్‌లో ఎగ్జాస్ట్ ప్రెషర్ పెరిగిపోయి పరిస్థితి తిరగబడుతుంది, అక్కడ ఓవర్‌ల్యాప్ ఉంటే కాలిన గ్యాస్ వెనక్కి వస్తుంది, కాబట్టి తగ్గించాలి. ఫిక్స్‌డ్ కామ్‌తో ఈ రెంటిలో ఏదో ఒకటే ఎంచుకోవాలి.

ఇక ట్యూనింగ్ చేసేవాళ్ళకి. పెద్ద కామ్ వేస్తూ ఫేజర్‌ని లాక్ చేసి పారేయమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది, మ్యాపింగ్ (ఇంజిన్ కంప్యూటర్‌లో పట్టికలు రాసే) పని తగ్గుతుంది కాబట్టి. డ్రాగ్ కారైతే నేనేమీ అనను. రోడ్డు కారుకైతే అది చేతిలో ఉన్న టార్క్‌ని తీసి గట్టున పెట్టడమే, ఎందుకంటే పెద్ద కామ్‌కే ఫేజింగ్ ఎక్కువ అవసరం. చేయాల్సిన పని ఓపికతో కూడినది: డైనో మీద కామ్‌ని సున్నా డిగ్రీల దగ్గర నిలిపి ఒక రన్, 10 దగ్గర ఒకటి, 20, 30, ఇలా అన్నీ తీసి కర్వ్‌లని ఒకదాని మీద ఒకటి వేస్తే ప్రతి ఆర్‌పీఎమ్‌లో ఏ కోణం పైన ఉందో కంటికే కనపడుతుంది. ఆ పై అంచు వెంబడి మ్యాప్ రాసుకోవడమే, ప్రతి కోణానికీ ఫ్యూయెల్, ఇగ్నిషన్ మళ్ళీ చూసుకోవాలి గానీ.

జాగ్రత్త పడాల్సింది క్లియరెన్స్ (వాల్వ్, పిస్టన్ మధ్య ఖాళీ) దగ్గర. ఇన్‌టేక్ కామ్ అడ్వాన్స్ అయ్యేకొద్దీ పిస్టన్ పైన ఉన్నప్పుడు ఇన్‌టేక్ వాల్వ్ దానికి దగ్గరవుతుంది, ఎగ్జాస్ట్ కామ్ రిటార్డ్ అయ్యేకొద్దీ ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గరవుతుంది. పెద్ద లిఫ్ట్ కామ్‌తో 50 డిగ్రీలూ వదిలేస్తే వాల్వ్, పిస్టన్ గుద్దుకోవచ్చు. మ్యాప్‌లో 25 దాటొద్దని రాసుకుంటే సరిపోదు, ఎందుకంటే ఫేజర్‌కి ఆయిల్ పంపే సోలెనాయిడ్ ఇరుక్కుంటే ఫేజర్ మ్యాప్ మాట వినదు. అందుకే ఫేజర్ లోపలే స్టాపర్ ఉన్న పరిమిత రేంజ్ గేర్లు వాడతారు. పిస్టన్ మీద క్లే పెట్టి ఆ ఖాళీ కొలిచేటప్పుడు కూడా ఫేజర్ని చివరిదాకా తిప్పి కొలవాలి, పార్క్ పొజిషన్లో (ఇంజిన్ ఆగినప్పుడు ఫేజర్ ఉండే చోట) కొలిస్తే ఆ కొలతకి అర్థం లేదు.

ఆయిల్ సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మామూలు ఫేజర్ని జరిపేది ఇంజిన్ ఆయిల్ ప్రెషరే, సన్నటి దారుల్లోంచి, జల్లెడంత చిన్న ఫిల్టర్ దాటి. ఆయిల్ మురికిదైనా, చెప్పిన గ్రేడ్ కాకపోయినా కామ్ అడిగిన కోణానికి ఆలస్యంగా వెళుతుంది, టార్క్ కర్వ్ మధ్యలో గుంట కనపడుతుంది, మనం దాన్ని ఫ్యూయెల్ మ్యాప్ తప్పు అనుకుని అక్కడే వెతుకుతుంటాం. లాగ్‌లో టార్గెట్ కామ్ యాంగిల్, అసలు కామ్ యాంగిల్ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఆయిల్ ప్రెషర్ ఉండదు కాబట్టి ఫేజర్ని ఒక లాక్ పిన్ పట్టుకుని ఉంటుంది. ఆ పిన్ అరిగితే చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవగానే ఒకటి రెండు సెకన్లు గరగరమని మోగి ఆగిపోతుంది. టైమింగ్ చైన్ పోయిందని కంగారుపడి మొత్తం విప్పించే ముందు ఆ పిన్నే చూడమనండి.